జాన్ మెక్‌క్లార్నన్: ఈ లకోటా నటుడి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జాన్ మెక్‌క్లార్నన్ అమెరికా మూలవాసి తెగ లకోటాకు చెందిన నటుడు. 'ఫార్గో', 'వెస్ట్‌వరల్డ్', 'డార్క్ విండ్స్' అనే అమెరికా టీవీ సిరీస్‌లు చూసినవాళ్లు ఈయన గురించి మళ్లీ మళ్లీ అవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. కథలో దాచిన సంగతి బయటపడే చోట ముందే హెచ్చరించాం.

## పేరు, పుట్టుక, ఊరు

పేరు ఎలా పలకాలి? వెతికితే వేరే జాన్‌లు వస్తున్నారు

'జాన్'లో మొదటి అక్షరం 'జూ', 'జీరో'ల్లో పలికే జ, 'జామ'లోది కాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో జెడ్, ఏ, హెచ్, ఎన్. జే అక్షరంతో మొదలుపెడితే వందల మంది జాన్‌లు వచ్చి ఈయన కింద పడిపోతారు. ఇంటిపేరు మెక్‌క్లార్నన్, తండ్రి వైపు ఐరిష్ మూలాల నుంచి వచ్చింది. మధ్యలో టోకియా కూ అనే లకోటా పేరు కూడా ఉంది.

ఎక్కడ పుట్టారు? ఎక్కడ చదివారు?

1966 అక్టోబర్ 24న కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో పుట్టారు. కవల సోదరుడు ఉన్నారు. తల్లి హంక్‌పాపా లకోటా. తండ్రి అమెరికా జాతీయ పార్కుల శాఖలో ఉద్యోగి, మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో పనిచేశారు. బాల్యంలో కొంత భాగం ఆ పార్కు పక్కనున్న బ్రౌనింగ్ ఊరి పరిసరాల్లో గడిచింది. తర్వాత కుటుంబం రెండు మూడేళ్లకో చోటికి మారుతూ వచ్చింది. 1986లో నెబ్రాస్కాలోని ఒమాహా సెంట్రల్ హైస్కూల్‌లో చదువు పూర్తిచేశారు. నటన మీద మనసు నిలిచింది ఆ బడిలోని నాటకాల క్లాసులోనే.

లకోటా, సూ, హంక్‌పాపా: ఈ మూడింట్లో ఏది తెగ పేరు?

మూడూ సరైనవే, కానీ ఒక్కోటి ఒక్కో మెట్టు. 'సూ' బయటివాళ్లు పెట్టిన పేరు. పొరుగు తెగ ఒజిబ్వే వాళ్ల మాట ఫ్రెంచివాళ్ల నోట పడి, కత్తిరించుకుపోయి అలా మిగిలింది. వాళ్లు తమను తాము లకోటా అనో డకోటా అనో చెప్పుకుంటారు. ఇది మాండలిక భేదం, పడమటివాళ్లు 'ల' పలికే చోట తూర్పువాళ్లు 'డ' పలుకుతారు. లకోటాలో ఏడు శాఖలు: ఒగ్లాలా, సిచాంగు, హంక్‌పాపా, మినికొంజు, సిహాసాపా, ఇటాజిప్‌చో, ఊహెనుంపా. సిట్టింగ్ బుల్ హంక్‌పాపా నాయకుడు. ఈ శాఖవాళ్లు ఎక్కువగా ఉండేది ఉత్తర, దక్షిణ డకోటాల మధ్య పరుచుకున్న స్టాండింగ్ రాక్ రిజర్వేషన్ (తెగల సొంత ప్రాంతం)లో.

బ్లాక్‌ఫీట్ రిజర్వేషన్ దగ్గర పెరిగితే బ్లాక్‌ఫీట్ మనిషే కదా?

కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. బ్రౌనింగ్ మోంటానాలోని బ్లాక్‌ఫీట్ రిజర్వేషన్‌కు ముఖ్యపట్టణం. ఆయన తల్లి పెరిగింది, అమ్మమ్మ తాతలు ఉన్నది ఆ రిజర్వేషన్‌లోనే కాబట్టి చిన్నప్పుడు సెలవులకు అక్కడే గడిపారు. కానీ ఉన్న ఊరు వేరు, పుట్టిన తెగ వేరు. గందరగోళానికి ఇంకో కారణం కూడా ఉంది. లకోటాలోని సిహాసాపా శాఖ పేరుకు 'నల్ల పాదాలు' అనే అర్థం, బ్లాక్‌ఫీట్ అన్నా అదే. ఈ రెండు జనాలకూ చుట్టరికం లేదు. బ్లాక్‌ఫీట్ భాష అల్గోంక్వియన్ కుటుంబానిది, లకోటా సూవన్ కుటుంబానిది.

రిజర్వేషన్ అంటే మన దగ్గర ఉద్యోగాల కోటా. అక్కడ అర్థం ఏమిటి?

అక్కడ రిజర్వేషన్ అంటే భూమి. తెగలు అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల్లో, మిగతా నేలంతా వదులుకుని, తమకోసం అట్టేపెట్టుకున్న ప్రాంతం. 1868 ఫోర్ట్ లారమీ ఒప్పందంతో లకోటాలకు ఇప్పటి దక్షిణ డకోటాలో మిసోరి నదికి పడమర ఉన్న నేలంతా దక్కింది. బ్లాక్ హిల్స్‌లో బంగారం బయటపడ్డాక 1877లో ఆ కొండల్ని లాక్కున్నారు. 1889లో మిగిలినదాన్ని స్టాండింగ్ రాక్, పైన్ రిడ్జ్, రోజ్‌బడ్ లాంటి చిన్న ముక్కలుగా కోశారు. బ్లాక్ హిల్స్‌కు నష్టపరిహారం ఇవ్వాలని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. లకోటాలు ఆ డబ్బు ముట్టుకోలేదు, మాకు కొండలే కావాలన్నారు. రిజర్వేషన్లకు సొంత ప్రభుత్వం ఉంటుంది, చాలావాటికి సొంత కోర్టు, పోలీసు కూడా ఉంటాయి. ఇది తెలియకపోతే మెక్‌క్లార్నన్ వేసిన సగం పాత్రలు అర్థం కావు.

'రెడ్ ఇండియన్' అని రాయొచ్చా?

వద్దు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో, పాత అనువాదాల్లో ఈ మాట పాతుకుపోయింది కానీ అది ఒంటి రంగు మీద పెట్టిన పేరు, అక్కడ వినేవాళ్లకు అవమానంగా ఉంటుంది. తెలిసినంతవరకు తెగ పేరే వాడండి: 'లకోటా నటుడు', 'నవాహో పోలీసు'. అందరినీ కలిపి చెప్పాల్సి వస్తే 'అమెరికా మూలవాసులు' అంటే చాలు. వట్టి 'ఇండియన్' అని రాస్తే తెలుగు పాఠకుడికి మనవాళ్లే అనిపిస్తుంది.

## నాటకం నుంచి తెర మీదికి

నటనలోకి ఎలా వచ్చారు?

హైస్కూల్ తర్వాత ఒమాహాలోనే నాటకాలు వేశారు. ఒమాహా కమ్యూనిటీ ప్లేహౌస్ ప్రదర్శించిన 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్' సంగీత నాటకంలో నటించారు. ఆ తర్వాత లాస్ ఏంజెలిస్ వెళ్లి టీవీల్లో చిన్న చిన్న వేషాలు వేశారు. 2005లో టీఎన్‌టీ ఛానల్ చిన్న ధారావాహిక 'ఇంటు ద వెస్ట్'లో రన్నింగ్ ఫాక్స్ అనే లకోటా మనిషిగా చేసింది ఆ రోజుల్లో చెప్పుకోదగ్గ పాత్ర. సొంత తెగవాడిగా నటించే అవకాశం ఆయనకు చాలా కొద్దిసార్లే దొరికింది.

యాభై దగ్గర పడ్డాక గానీ పేరు రాలేదెందుకు?

ఆయన నటన లోపం కాదు, వేషాల లోపం. మూలవాసి నటుడి కోసం రాసే పాత్రలు చాలాకాలం రెండే రకాలు: గుర్రం మీద ఈకలతో వచ్చే యోధుడు, లేదా రెండు దృశ్యాల్లో కనిపించి పోయే తాగుబోతో రౌడీయో. రెంటిలోనూ మనిషికి గతం ఉండదు, ఇల్లు ఉండదు, మనసు మారే సందర్భం ఉండదు. 2012లో మొదలైన 'లాంగ్‌మైర్'లో మథాయస్ అనే షెయాన్ తెగ పోలీసు అధికారిగా అప్పుడప్పుడూ కనిపిస్తూ ఆరు సీజన్లు నిలిచారు. 2014లో 'ద రెడ్ రోడ్' సిరీస్‌లో నటించారు. 2015లో 'ఫార్గో' రెండో సీజన్ నాటికి ఆయనకు 49 ఏళ్లు. పాత్రకు లోపలి బతుకు రాసి ఇచ్చిన వెంటనే జనం గుర్తుపట్టారు, అంతకుముందు రాసేవాళ్లే లేరు.

## పేరు తెచ్చిన పాత్రలు

'ఫార్గో'లో హాంజీ డెంట్ అంతగా గుర్తుండిపోవడానికి కారణం? (కథ బయటపడుతుంది)

కథాకాలం 1979. హాంజీ గెర్‌హార్ట్ అనే నేరగాళ్ల కుటుంబంలో చిన్నప్పటినుంచి పెరిగిన మూలవాసి, వియత్నాం యుద్ధంలో పోరాడి వచ్చినవాడు. సగం సీజన్ దాటేదాకా చాలా తక్కువ మాట్లాడతాడు. ఇంట్లో పనివాడిగా, బయట వేటకుక్కగా అతణ్ణి వాడుకుంటారు. ఎనిమిదో ఎపిసోడ్‌లో ఒక బార్ ముందు ఆగుతాడు. అక్కడ సూ మనుషులను ఉరితీసిన చోటు అని గుర్తుగా గోడకు బిగించిన పలక, దానికింద వాంతి. లోపలికి వెళ్తే నీళ్లు ఇవ్వడానికి కూడా బారువాడికి మనసొప్పదు. ఆ దృశ్యంలో మెక్‌క్లార్నన్ ముఖం దాదాపు కదలదు. రెప్ప వేయడం ఆలస్యం చేస్తారు, అంతే. ఇరవై ఏళ్ల కోపం మనకు కనిపిస్తుంది. అతను యజమానులపై తిరగబడటం అక్కణ్ణుంచే మొదలవుతుంది. సీజన్ చివర ముఖం మార్చుకుని ట్రిపోలి అనే కొత్త పేరు తీసుకుంటాడు. మొదటి సీజన్‌లో ఫార్గో ముఠా నాయకుడి పేరూ అదే.

'వెస్ట్‌వరల్డ్'లో ఆయన మాట్లాడేది నిజం భాషేనా, కల్పించిందా?

నిజమైన లకోటా భాషే. ఘోస్ట్ నేషన్ అనే తెగ కల్పితం, వాళ్ల నోట పెట్టిన భాష మాత్రం అసలుది. పాత్ర పేరు అకెచెటా, లకోటాలో సైనికుడు, యోధుడు అని అర్థమిచ్చే మాట నుంచి వచ్చింది. రెండో సీజన్ ఎనిమిదో ఎపిసోడ్ పేరు 'కిక్‌సుయా', అంటే గుర్తుపెట్టుకోవడం. 2018 జూన్ 10న ప్రసారమైన ఆ ఎపిసోడ్ దాదాపు మొత్తం లకోటాలోనే నడుస్తుంది. అమెరికా పెద్ద టీవీ నిర్మాణంలో అలా జరగడం చాలా అరుదు.

మెక్‌క్లార్నన్‌కు లకోటా చిన్ననాటి నుంచి ధారాళంగా వచ్చిన భాష కాదు. భాష తెలిసినవాళ్ల దగ్గర వాక్యం వాక్యం నేర్చుకుని పలికారు. లకోటాలో ముక్కుతో పలికే అచ్చులు ఉంటాయి, గొంతు బిగబట్టి వదిలే హల్లులు ఉంటాయి, ఒత్తు ఏ అక్షరం మీద పడుతుందో దాన్నిబట్టి మాట మారిపోతుంది. ఇవి తప్పితే వినే లకోటా పెద్దవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. కంఠస్థం చేసిన మాటల్లోనే ప్రేమ, వియోగం, వయసు మీదపడటం అన్నీ పలికించారు కాబట్టే ఆ ఎపిసోడ్‌ను అంత గౌరవంగా తలుచుకుంటారు.

'కిక్‌సుయా' ఒక్కటే విడిగా చూడొచ్చా?

చూడొచ్చు, నాలుగు సంగతులు తెలిస్తే చాలు. కథ జరిగేది ఒక వినోద పార్కులో. అందులోని మూలవాసులు, కౌబాయ్‌లు అందరూ మనుషుల్లా తయారుచేసిన యంత్రాలు. ఎవరైనా చనిపోతే బాగుచేసి, జ్ఞాపకాలు తుడిచి, కొత్త పాత్ర ఇచ్చి తిరిగి పంపుతారు. అకెచెటా దాదాపు పదేళ్లు చనిపోకుండా బతికాడు కాబట్టి అతని జ్ఞాపకాలు తుడిచే అవకాశం వాళ్లకు రాలేదు.

2017లో షూటింగ్ ఆగిపోయింది ఆయన వల్లేనా?

అవును. నవంబర్‌లో ఇంట్లో పడి తలకు గాయమై ఆసుపత్రిలో చేరారు. 'వెస్ట్‌వరల్డ్' రెండో సీజన్ చిత్రీకరణ కొన్నాళ్లు ఆపారు. కోలుకుని వచ్చి పాత్ర పూర్తిచేశారు.

సినిమాలేమైనా చేశారా, అన్నీ సిరీస్‌లేనా?

చేశారు, కానీ బలమంతా సిరీస్‌లలోనే ఉంది. 'బోన్ టోమహాక్' (2015)లో ప్రొఫెసర్ అనే చదువుకున్న మూలవాసిగా ఒకటే సన్నివేశంలో కనిపిస్తారు. 'డాక్టర్ స్లీప్' (2019)లో క్రో డాడీ, దుష్టమూకలో ముఖ్యుడు. 'ద ఫరెవర్ పర్జ్' (2021)లోనూ ఉన్నారు.

మార్వెల్‌లో ఎవరిగా చేశారు?

'హాక్ఐ' (2021), 'ఎకో' (2024)లలో మాయా లోపెజ్ తండ్రి విలియం. కూతురికి వినపడదు కాబట్టి ఆమెతో సైగల భాషలో మాట్లాడతారు. కామిక్స్‌లో మాయాది షెయాన్ తెగ, తెరమీద చోక్టా తెగగా మార్చారు.

## పోలీసు పాత్రలు, 'డార్క్ విండ్స్'

ఎప్పుడు చూసినా పోలీసే ఎందుకు?

మూడు ముఖ్యమైనవి: 'లాంగ్‌మైర్'లో షెయాన్ పోలీసు మథాయస్, 'రిజర్వేషన్ డాగ్స్'లో మస్కోగీ తెగ పోలీసు దళం లైట్‌హార్స్‌లో పనిచేసే బిగ్, 'డార్క్ విండ్స్'లో నవాహో పోలీసు జో లీప్‌హార్న్. దుస్తులు ఒకటే, మనుషులు ముగ్గురు. మథాయస్ పొరుగు షెరీఫ్‌ను నమ్మడు. బిగ్ అమాయకుడు, దయ్యాలను నమ్ముతాడు, నవ్విస్తాడు. లీప్‌హార్న్ కొడుకును పోగొట్టుకున్న తండ్రి.

ఇందులో చరిత్ర బరువూ ఉంది. రిజర్వేషన్ పోలీసు వ్యవస్థ 19వ శతాబ్దంలో ప్రభుత్వ ఏజెంట్ల కింద పనిచేసే దళాలుగా మొదలైంది. 1890 డిసెంబర్ 15న స్టాండింగ్ రాక్‌లో సిట్టింగ్ బుల్‌ను అరెస్టు చేయడానికి వెళ్లి కాల్చి చంపింది అలాంటి దళమే, అందులోనివాళ్లూ లకోటాలే. తన మనుషులకు, పైనున్న ప్రభుత్వానికి మధ్య నలిగే యూనిఫాం మనిషిని ఒక హంక్‌పాపా నటుడు ఇన్నిసార్లు పోషించడం మామూలు వేషాల ఎంపికగా చూడలేం. ఆయన చూపులో ఆ నలుగుడు ఉంటుంది.

లీప్‌హార్న్ హత్య కేసులను ఎఫ్‌బీఐకి (అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థకు) ఎందుకు వదిలేస్తాడు?

చట్టం అలా ఉంది. 1885 మేజర్ క్రైమ్స్ చట్టం ప్రకారం రిజర్వేషన్‌లో మూలవాసి చేసిన హత్య లాంటి పెద్ద నేరాలు ఫెడరల్ ప్రభుత్వం చేతికి వెళ్తాయి. 1968 చట్టం తెగ కోర్టులు వేసే శిక్షను ఆరు నెలలకు పరిమితం చేసింది, కథ మొదలయ్యేది 1971లో. తర్వాత ఆ పరిమితిని పెంచారు. 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒలిఫాంట్ కేసు తీర్పుతో మూలవాసి కానివాడి నేరాన్ని విచారించే అధికారం తెగ కోర్టులకు లేకుండా పోయింది. నవాహో నేషన్ అరిజోనా, న్యూ మెక్సికో, యూటాల్లో సుమారు 27,000 చదరపు మైళ్లు, అంటే తెలంగాణలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. ఎఫ్‌బీఐ మనిషి ఊళ్లోకి వచ్చేసరికి ఆనవాళ్లు గాలికి పోతాయి. ఊరంతా తెలిసినవాడికి అధికారం లేదు, అధికారం ఉన్నవాడికి ఊరు తెలియదు. ఈ సిరీస్ బిగువంతా అక్కడే ఉంది.

లకోటా మనిషి నవాహో వేషం వేయడం తప్పు కాదా?

దీని మీద మూలవాసుల్లోనే రెండు మాటలున్నాయి. దశాబ్దాలపాటు తెల్లనటులకు రంగు పూసి ఈ వేషాలు వేయించారు కాబట్టి ఏ తెగవాడైనా మూలవాసి నటుడు చేయడం ముందడుగు అని ఒక మాట. నవాహో పాత్రకు నవాహో మనిషే కావాలని ఇంకో మాట. మా అభిప్రాయంలో అసలు కష్టం భాష దగ్గర ఉంది. లకోటా సూవన్ కుటుంబం, నవాహో అథబాస్కన్ కుటుంబం. తెలుగు మాతృభాషగా ఉన్న నటుడు సంతాలీ మాట్లాడాల్సి వచ్చినంత దూరం. నవాహోలో స్వరం ఎత్తు మారితే అర్థం మారుతుంది. మొదటి సీజన్ వచ్చినప్పుడు నవాహో మాట్లాడేవాళ్లు ఉచ్చారణలో తప్పులు ఎత్తిచూపారు. ఆ విమర్శ న్యాయమైనదే. లీప్‌హార్న్ భార్య ఎమ్మాగా చేసిన డియానా ఆలిసన్ నవాహో మనిషి. ఆమె మాటలకూ మిగతావాళ్ల మాటలకూ తేడా శ్రద్ధగా వింటే మనకూ పట్టుబడుతుంది.

ఇంతకుముందు లీప్‌హార్న్‌గా ఎవరు చేశారు?

ఈ పాత్ర టోనీ హిల్లర్‌మన్ నవలల్లోది. 1991 సినిమాలో ఫ్రెడ్ వార్డ్ చేశారు, 2002 నుంచి 2004 వరకు వచ్చిన మూడు టీవీ చిత్రాల్లో చెరోకీ తెగ నటుడు వెస్ స్టూడి చేశారు.

'డార్క్ విండ్స్'లో ఎమ్మా నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో ఆడవాళ్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తున్నారని చూపారు. నిజంగా జరిగిందా?

జరిగింది. మూలవాసుల వైద్యం చూసే ప్రభుత్వ సంస్థ ఇండియన్ హెల్త్ సర్వీస్. దాని 12 ప్రాంతాల్లో నాలుగింటిని మాత్రమే అమెరికా ప్రభుత్వ తనిఖీ కార్యాలయం పరిశీలించి, 1973-76 మధ్య 3,406 ఆపరేషన్లు జరిగాయని 1976లో తేల్చింది. స్త్రీల అంగీకారం తీసుకున్న తీరులోనూ లోపాలు బయటపడ్డాయి.

నిర్మాణంలో ఆయన పాత్ర ఏమైనా ఉందా?

ఉంది. 'డార్క్ విండ్స్'కు ఆయన ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లలో ఒకరు. రాబర్ట్ రెడ్‌ఫోర్డ్, జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ కూడా ఆ జాబితాలో ఉన్నారు. చిత్రీకరణ న్యూ మెక్సికోలో టెసూకే ప్వెబ్లో తెగవాళ్ల క్యామెల్ రాక్ స్టూడియోలో జరుగుతుంది, అది ఒకప్పుడు ఆ తెగ నడిపిన క్యాసినో. నాలుగో సీజన్‌తో ఆయన దర్శకత్వంలోకి కూడా అడుగుపెట్టారు.

## చూడటం మొదలుపెట్టేవాళ్లకు

దేనితో మొదలుపెట్టాలి?

'డార్క్ విండ్స్' మొదటి సీజన్‌తో. ఆరే ఎపిసోడ్లు, ఆయనే కథానాయకుడు, ముందు ఏమీ తెలియక్కర్లేదు. తర్వాత 'ఫార్గో' రెండో సీజన్, పది ఎపిసోడ్లు. మొదటి సీజన్ చూడకపోయినా కథ విడిగా అర్థమవుతుంది. నవ్వుకోవాలనుంటే 'రిజర్వేషన్ డాగ్స్', 2021 నుంచి 2023 వరకు మూడు సీజన్లు. దాని రచయితలు, దర్శకులు అందరూ మూలవాసులే.

'డార్క్ విండ్స్' ఎన్ని సీజన్లు?

మొదటిది 2022లో ఆరు ఎపిసోడ్లు, రెండోది 2023లో ఆరు, మూడోది 2025లో ఎనిమిది. ఆ తర్వాత నాలుగోది. వరుసగానే చూడండి. కొడుకు మరణం వెనక కథ మొదటి సీజన్‌లో మొదలై తర్వాతి సీజన్లలో తేలుతుంది. మధ్యలో దూకితే లీప్‌హార్న్ చేసే ఒక పెద్ద పనికి కారణం అర్థం కాదు.

లకోటా, నవాహో మాటల దగ్గర సబ్‌టైటిల్స్ రావడం లేదు. ఏం చేయాలి?

ముందు ఆడియోను ఒరిజినల్ ఇంగ్లిష్‌కు మార్చండి. డబ్బింగ్‌లో వింటే ఎవరు ఏ భాషలో మాట్లాడుతున్నారన్న తేడా చెరిగిపోతుంది. 'కిక్‌సుయా' లాంటి ఎపిసోడ్‌లో ఆ తేడానే ప్రాణం. ఆ తర్వాత సబ్‌టైటిల్స్ జాబితా చూడండి. ఇంగ్లిష్ రెండు రకాలుగా ఉంటే ఒకటి వినికిడి లోపం ఉన్నవారి కోసం తయారుచేసింది. అందులో కొన్నిసార్లు మాటల అర్థం ఇవ్వకుండా 'నవాహోలో మాట్లాడుతున్నాడు' అని మాత్రమే వస్తుంది. అప్పుడు రెండోదానికి మారండి. రెంటిలోనూ అర్థం రాకపోతే అది లోపం కాకపోవచ్చు. పక్కనున్న బయటి మనిషికి అర్థం కాని మాట ప్రేక్షకుడికీ అర్థం కాకూడదని దర్శకులు కొన్నిచోట్ల కావాలనే వదిలేస్తారు.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

'ఫార్గో', 'బోన్ టోమహాక్', 'డాక్టర్ స్లీప్' అస్సలు వద్దు, హింస తీవ్రంగా ఉంటుంది. 'వెస్ట్‌వరల్డ్'లో నగ్నత్వం ఉంది. 'రిజర్వేషన్ డాగ్స్' కథ పదహారేళ్ల పిల్లలదే అయినా బూతులు, గంజాయి, స్నేహితుడి ఆత్మహత్య ప్రస్తావన ఉన్నాయి కాబట్టి పెద్దపిల్లలతో పక్కన కూర్చుని చూడండి. 'డార్క్ విండ్స్'లో హత్యలు చూపిస్తారు, చిన్నపిల్లలకు పనికిరాదు.